సరిహద్దులెక్కడికీ పోలేదు, అగ్రిమెంటులోకెళ్లాయంతే

యూరప్‌లో సరిహద్దులు లేవని మనవాళ్లు తరచూ చెబుతుంటారు. ఆన్‌సైట్ వచ్చిన మొదటి మూణ్నెల్లలో అందరం చెప్పే మాటే ఇది. "ఫ్రాన్స్ ఎప్పుడొచ్చిందో తెలీనే లేదు బాస్, ఫోనుకి మెసేజ్ వస్తే తెలిసింది" అని ఇంటికి ఫోన్ చేసి మరీ చెబుతాం. హైదరాబాద్ నుంచి ట్యాక్సీ మాట్లాడుకుని కర్ణాటక వైపు వెళ్తే బోర్డర్ దగ్గర బండి పక్కన ఆపి, డ్రైవర్ కాగితాలు పట్టుకుని దిగి, పర్మిట్ డబ్బులు కట్టి రావడం చూస్తూ పెరిగినవాళ్లం కదా. ఒకే దేశంలో రెండు రాష్ట్రాల మధ్య అంత తతంగం చూసిన కళ్లకి, జర్మనీకీ ఆస్ట్రియాకీ మధ్య నీలం రంగు బోర్డూ దాని మీద పన్నెండు చుక్కలూ తప్ప ఇంకేమీ లేకపోవడం వింతగానే ఉంటుంది.

జర్మనీలో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఎండాకాలం వచ్చిందంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు, ఆ వెంటనే నాకు ఫోన్లు మొదలవుతాయి. "గురూ, తొమ్మిది రోజులు, ఆరు దేశాలు, ఏడుగురం. అద్దె కారు ఎక్కడ చౌక?" ప్రశ్న ఎప్పుడూ ఇదే. నేను ఎప్పుడూ చెప్పే జవాబు ఎవరికీ నచ్చదు. చౌక ఎక్కడ అన్నది ఆఖరి ప్రశ్న, ఆ కారుని మీరు ఎక్కడెక్కడికి తీసుకెళ్లొచ్చు అన్నది మొదటి ప్రశ్న అంటాను. "అదేంటి, అంతా షెంగెనే కదా!" అంటారు.

అక్కడే ఉంది తిరకాసంతా. షెంగెన్ మనుషుల గురించి, కార్ల గురించి కాదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లో షెంగెన్ అనే చిన్న పల్లె దగ్గర, మోసెల్ నది మీద ఓ పడవలో కూర్చుని ఐదు దేశాల వాళ్లు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అసలు తనిఖీలు ఎత్తేయడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1995 మార్చి 26న ఏడు దేశాల మధ్య గేట్లు లేచాయి. ఇప్పుడు ఆ లెక్క 29. స్విట్జర్లాండ్ 2008లో, క్రొయేషియా 2023 జనవరి 1న చేరాయి. రుమేనియా, బల్గేరియాలకి రోడ్డు సరిహద్దులు 2025 జనవరి 1న తెరుచుకున్నాయి. ఒప్పుకోవాల్సిందే, గొప్ప విషయం.

కాకపోతే ఆ గీత ఒక్కటి కాదు, కనీసం నాలుగు గీతలు ఒకదాని మీద ఒకటి గీసి ఉంటాయి. మనిషికి ఒకటి, సరుకుకి ఒకటి, డబ్బుకి ఒకటి, ఇన్సూరెన్సుకి ఒకటి. షెంగెన్ వాళ్లు చెరిపింది మొదటిదాన్నే. ఉదాహరణకి స్విట్జర్లాండ్‌నే తీసుకోండి. మనిషి గీత లేదు, ఎందుకంటే షెంగెన్‌లో ఉంది. సరుకు గీత ఉంది, ఎందుకంటే యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ కూటమిలో లేదు. డబ్బు గీత ఉంది, ఫ్రాంకులు. అందుకే స్విస్ సరిహద్దులో ఇప్పటికీ కస్టమ్స్ బూత్ ఉంటుంది, యూనిఫారం వేసుకున్న ఒకాయన మన కారులోకి ఓ చూపు విసిరి, పొమ్మని చెయ్యి ఊపుతాడు. ఆయన వెతికేది వీసా కాదు, మాంసమో మందు సీసాలో.

పోనీ మనిషి గీతైనా పూర్తిగా చెరిగిందా అంటే, అదీ ఈ మధ్య మళ్లీ పైకి తేలుతోంది. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా "తాత్కాలిక" తనిఖీలు పెట్టి, ఆ తాత్కాలికాన్ని పొడిగిస్తూ వచ్చింది. అన్ని కార్లనీ ఆపరు. ఏ కారుని ఆపుతారో మీరే ఊహించుకోండి. మన రంగు వాళ్లం నలుగురం ఉన్న కారుని ఆపిన సందర్భాలు నాకు ఒకటికి మూడున్నాయి. మర్యాదగానే మాట్లాడారు, ఐదు నిమిషాల్లో పంపేశారు. కానీ పాస్‌పోర్టులు ఇంట్లో ఉండి, ఫోనులో ఫొటోలు మాత్రమే ఉన్న కుటుంబానికి ఆ ఐదు నిమిషాలు గంటన్నర అవుతుంది. రెసిడెన్స్ పర్మిట్ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా ఒరిజినల్ దగ్గర ఉండాలి. పెద్దవాళ్లవి, పిల్లలవి కూడా.

సరే, అసలు కథ ఇన్సూరెన్సు గీత దగ్గర ఉంది. అద్దె కారుకి రెండు రకాల రక్షణ ఉంటుంది. మనం ఎదుటివాడికి చేసిన నష్టానికి ఒకటి, మనం నడుపుతున్న కారుకే జరిగిన నష్టానికి ఒకటి. మొదటిది థర్డ్ పార్టీ. ఇది చట్టం. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ఒక సభ్యదేశంలో కట్టిన ఒకే ప్రీమియం యూనియన్ అంతటికీ వర్తించాలి. అంటే మ్యూనిక్‌లో తీసుకున్న కారుతో వెనిస్ దగ్గర ఎవరినైనా గుద్దితే వాళ్లకి పరిహారం అందుతుంది. ఇది మంచి ఏర్పాటు, సందేహం లేదు. అంతకు ముందు నుంచే, 1949 నుంచే, గ్రీన్ కార్డ్ అనే పద్ధతి ఉంది. దేశం మారినా దెబ్బ తిన్నవాడు అన్యాయమైపోకూడదన్నది దాని ఉద్దేశం.

రెండోది సీడీడబ్ల్యూ అని కౌంటర్లో చెప్పేది. చాలామంది దీన్ని కూడా ఇన్సూరెన్సే అనుకుంటారు. పేరులోనే ఉంది, అది వెయివర్. అంటే "కారుకి ఏమైనా అయితే ఇంతకు మించి నీ దగ్గర వసూలు చెయ్యం" అని కంపెనీ మీకిచ్చే మాట. దీన్ని యూనియన్ అంతటా వర్తింపజేయాలని ఏ చట్టమూ చెప్పదు. కంపెనీ ఏ షరతులు పెడితే ఆ షరతులకే ఆ మాట నిలబడుతుంది. ఆ షరతుల్లో దేశాల జాబితా ఒకటి. చాలా కంపెనీలు దేశాల్ని రెండు మూడు జోన్లుగా విడదీస్తాయి. మొదటి జోన్‌లో ఏ కారుతోనైనా వెళ్లొచ్చు, రెండో జోన్‌లోకి కొన్ని రకాల కార్లే, మూడో జోన్‌లోకి అసలు వద్దు. జాబితా కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒకే కంపెనీలో కారు కారుకీ మారుతుంది. ఖరీదైన బ్రాండు కార్లని దొంగతనం భయంతో తూర్పు యూరప్‌కీ, కొన్నిసార్లు ఇటలీకీ రానివ్వరు. వద్దన్న దేశంలోకి మీరు వెళ్లిన క్షణం నుంచి వాళ్లిచ్చిన మాట చెల్లదు. ఎదుటివాడికి ఇన్సూరెన్సు ఉంటుంది, మీ చేతిలో ఉన్న కారుకి మాత్రం మీరే పూచీ.

మా టీములో ఒకతను ఉన్నాడు, పేరెందుకు లెండి. చాలా జాగ్రత్త మనిషి. కోడ్ రివ్యూకి ఇస్తే కామాలు కూడా వదలడు. అతను మ్యూనిక్‌లో ఓ మామూలు స్టేషన్ వాగన్ బుక్ చేశాడు, ఇటలీ వెళ్తానని ముందే రాశాడు, కన్‌ఫర్మేషన్ ప్రింటు తీసుకున్నాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి నవ్వుతూ "మీరు బుక్ చేసిన కారు లేదు సార్, అదే ధరకి పెద్ద కారు ఇస్తున్నాం" అంది. ఫ్రీగా అప్‌గ్రేడ్ అంటే ఎవరు కాదంటారు? వాళ్ల నాన్నగారు ముందు సీట్లో కూర్చుని ఫొటో దిగి బంధువులందరికీ పంపారు కూడా. వెరోనాలో ఓ ఇరుకు పార్కింగ్‌లో ఎవరో తలుపు పొడవునా గీసేసి చెప్పకుండా వెళ్లిపోయారు. తిరిగొచ్చాక తేలిందేమిటంటే, ఆ రకం కారు ఇటలీకి అనుమతించిన జాబితాలో లేదు. ఇటలీ వెళ్తానన్న మాట పాత కారు బుకింగ్‌లో ఉంది. కొత్త కారుకి కౌంటర్లో సంతకం పెట్టించుకున్న కాగితంలో లేదు. బిల్లు రెండు వేల యూరోలు దాటింది. మూడు నెలలు ఈమెయిళ్లు రాశాడు, పాత కన్‌ఫర్మేషన్ చూపించాడు, చివరికి సగం తగ్గించారు. ఉచితంగా వచ్చినదానికి వెయ్యి యూరోలన్నమాట.

ఇందులో అతని తప్పేముంది అని ఆలోచించాను. నాకైతే కనపడలేదు. అప్‌గ్రేడ్ ఇచ్చేటప్పుడు "ఇటలీ వెళ్తున్నారని రాశారు, దీనితో కుదరదు" అని చెప్పాల్సింది వాళ్లు. సిస్టమ్‌లో రెండు ఫీల్డులూ పక్కపక్కనే ఉంటాయి, కారు తరగతీ, వెళ్లే దేశాలూ. రెండిటికీ పొంతన కుదరకపోతే ఎర్ర అక్షరాల్లో ఓ హెచ్చరిక చూపించడం మనలాంటి వాడికి ఒక పూట పని. ఆ పూట పని ఎవరూ చెయ్యలేదంటే, అది చెయ్యకపోవడం ఎవరికి లాభమో చూసుకోవాలి. యూరోపియన్ కమిషన్ వెంటపడితే 2017 జనవరిలో ఐదు పెద్ద అద్దె కంపెనీలు ధరలూ ఇన్సూరెన్సు వివరాలూ స్పష్టంగా చెబుతామని ఒప్పుకున్నాయి. తెర మీద ధర అప్పటికన్నా నయమే. కౌంటర్ దగ్గర కథ మాత్రం అంత మారలేదని నా అభిప్రాయం.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. సంతకం పెట్టే కాగితం మీద నేను వెళ్లబోయే ప్రతి దేశం పేరూ కనపడాలి. "సిస్టమ్‌లో ఉంది సార్" అంటే కుదరదు, కాగితం మీద ఉండాలి. లేకపోతే చేత్తో రాసి స్టాంపు వెయ్యమంటాను. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీండి. అప్‌గ్రేడ్ ఇస్తామంటే మొదటి ప్రశ్న "దీంతో ఈ దేశాలన్నిటికీ వెళ్లొచ్చా" అని, రెండో ప్రశ్న "దీనికి ఎక్సెస్ ఎంత" అని.

ఎక్సెస్ అంటే దెబ్బ తగిలితే మన జేబులోంచి కట్టాల్సిన వాటా. చౌక ధర చూపించే చోట ఇది వెయ్యి యూరోల పైనే ఉండటం మామూలు. దీన్ని సున్నా చేసే కవర్ రెండు చోట్ల అమ్ముతారు. కౌంటర్లో అద్దె కంపెనీ అమ్మేది ఒకటి, బుకింగ్ సైట్ల వాళ్లు అమ్మేది ఇంకోటి. రెండూ ఒకటి కాదు. కంపెనీ దగ్గర కొంటే గీత పడ్డా మీ కార్డు జోలికి రారు. బుకింగ్ సైటు దగ్గర కొంటే ముందు మీ కార్డులోంచి లాగేస్తారు, మీరు పోలీసు రిపోర్టు, రిపేరు బిల్లు, ఫొటోలు అన్నీ పెట్టి తరవాత తిరిగి రాబట్టుకోవాలి. రెండోది చవక, ఓపికున్నవాళ్లకి పనికొస్తుంది. ఏది తీసుకున్నా టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం కవర్ అవుతాయా అని చూడండి. మామూలు సీడీడబ్ల్యూలో ఇవి చాలాసార్లు ఉండవు, కొండదారిలో ముందు దెబ్బతినేవి మాత్రం ఇవే. తప్పు ఇంధనం పోస్తే చాలా కవర్లు కాపాడవు. మన ఊళ్లో బంకు కుర్రాడు పోస్తాడు, ఇక్కడ మనమే పోసుకోవాలి. జర్మనీలో "బెంజిన్" అంటే పెట్రోలు. ఇటలీలో "గాజోలియో" చూసి గ్యాసోలిన్ అనుకునేరు, అది డీజిల్. ఫ్రాన్స్‌లో "గాజోల్" కూడా డీజిలే. మూత లోపల రాసి ఉన్నది చూసి మరీ పొయ్యండి.

కార్డు సంగతి కూడా చెప్పాలి. డిపాజిట్ కింద మీ క్రెడిట్ కార్డు మీద కొన్ని వందల యూరోలు, ఒక్కోసారి ఎక్సెస్ మొత్తం, బ్లాక్ చేస్తారు. చాలా చోట్ల డెబిట్ కార్డు ఒప్పుకోరు. కార్డు మీద పేరు, అగ్రిమెంటులో మొదటి డ్రైవర్ పేరు ఒకటే అయ్యుండాలి. "కార్డు మా ఆవిడది, లైసెన్సు నాది" అంటే కౌంటర్ దగ్గరే ట్రిప్పు ఆగిపోతుంది. రెండో డ్రైవర్‌ని రాయించకుండా, అలసిపోయానని హైవే మీద స్నేహితుడికి స్టీరింగ్ ఇచ్చినా ఇందాకటి సూత్రమే, ఆ కవర్ మొత్తం పోయినట్టే.

లైసెన్సు దగ్గరికొద్దాం. ఇక్కడ మన ఐటీవాళ్లలో చాలామంది పెద్ద అపోహలో ఉన్నారు. ఇండియన్ లైసెన్సు, దానితో పాటు ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే టూరిస్టుగా వచ్చినవాళ్లకి గొడవ లేదు. ఇటలీలో అయితే పర్మిట్టో అధికారిక అనువాదమో తప్పనిసరి. ఆ పర్మిట్ ఏడాది చెల్లుతుంది. దాన్ని మన ఆర్టీవో దగ్గరే తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో క్రెడిట్ కార్డుకి అమ్మే రంగురంగుల "ఇంటర్నేషనల్ లైసెన్సులు" చిత్తుకాగితాలు.

కానీ ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్ల సంగతి వేరు. జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల తరవాత ఇండియన్ లైసెన్సుతో నడపడానికి లేదు. థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ పాసై జర్మన్ లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. నెదర్లాండ్స్‌లో 185 రోజులు. అయితే అక్కడ 30 శాతం పన్ను రాయితీ ఉన్న ఉద్యోగులకి పరీక్ష లేకుండానే లైసెన్సు మార్చిస్తారు, కుటుంబసభ్యులకి కూడా. అక్కడున్న మనవాళ్లలో ఆ రాయితీ ఉండీ ఈ సంగతి తెలియనివాళ్లు ఎంతోమంది. స్విట్జర్లాండ్‌లో 12 నెలల గడువు. ఇప్పుడు చూడండి, అద్దె కౌంటర్లో వాళ్లు చూసేది కార్డు మీద గడువు తేదీ మాత్రమే. మీరు ఈ దేశంలో ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారో అడగరు. తాళం ఇచ్చేస్తారు. తాళం ఇచ్చారు కాబట్టి చెల్లినట్టే అని మనం అనుకుంటాం. అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు. జర్మనీలో లైసెన్సు లేకుండా నడపడం క్రిమినల్ నేరం. పర్మిట్ పొడిగింపు కోసం ఏటా ఫారినర్స్ ఆఫీసు మెట్లెక్కే మనకి ఆ మాట ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్లుగా ఇండియన్ లైసెన్సుతో దర్జాగా తిరుగుతున్నవాళ్లు నాకు తెలుసు. "ఏం కాలేదుగా" అంటారు. అవును, ఇంకా ఏం కాలేదు.

ఇక టోల్. ప్రతి దేశానికీ ఒక పద్ధతి. జర్మనీలో కార్లకి టోల్ లేదు. (పెట్టాలని చూశారు. జర్మన్లకి బండి పన్నులో అంత మేరా తగ్గించి, భారం బయటివాళ్ల మీద మాత్రమే పడేలా లెక్క వేస్తే ఆస్ట్రియా కోర్టుకెక్కింది. 2019 జూన్‌లో యూరోపియన్ కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. పక్కింటి వాళ్లతో తగాదాలు అందరికీ ఉంటాయి.) ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లొవేనియాల్లో మోటర్‌వే ఎక్కాలంటే విన్యెట్ ఉండాలి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో మన లాగే టోల్ బూత్‌లు. స్విస్ విన్యెట్ 40 ఫ్రాంకులు, అదొక్కటే రకం, ఏడాదికి. రెండు రోజులకి అంటూ ఉండదు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ ఎలాగూ కొనాలి. ఇప్పుడు ఈ-విన్యెట్ కూడా వచ్చింది. అది కారు నంబరుకి ముడిపడి ఉంటుంది, అద్దె కారు నంబరేమో తాళం చేతికిచ్చాక గానీ తెలీదు. కాబట్టి ఇంట్లోనే కొనేద్దామంటే కుదరదు, పార్కింగ్‌లో కూర్చుని ఫోనులో కొనాలి. అధికారిక సైటులోనే కొనండి, మధ్యలో కమిషన్ సైట్లు చాలా ఉన్నాయి.

ఆస్ట్రియాలో ఓ చిన్న వెసులుబాటు ఉంది. 2019 డిసెంబర్ నుంచి సరిహద్దు పక్కన కొన్ని ముక్కలకి విన్యెట్ అక్కర్లేదు. జర్మనీ నుంచి కుఫ్‌స్టైన్ దాకా ఒకటి, లిండౌ వైపు నుంచి హోహెనెమ్స్ దాకా ఒకటి. జర్మనీ నుంచి బ్రెగెంజ్ మీదుగా స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు ఆ రెండోదానితో ఆస్ట్రియా విన్యెట్ కొనకుండానే బయటపడొచ్చు. బ్రెన్నర్ దారికి మాత్రం టోల్ విడిగా కట్టాలి.

ఇటలీ ఊళ్లలో జడ్‌టీఎల్ అనే వల ఉంటుంది. పాత ఊరి మధ్యలోకి స్థానికుల బళ్లు తప్ప రాకూడదు, మీదో కెమెరా ఉంటుంది. ఫ్లోరెన్స్, పీసా, రోమ్ అన్నిట్లోనూ ఉంది. ఆపేవాడుండడు, కాబట్టి వెళ్లిపోయామనుకుంటాం. నెలల తరవాత ముందు అద్దె కంపెనీ నుంచి ఓ బిల్లు వస్తుంది, "మీ చిరునామా పోలీసులకిచ్చినందుకు ఫీజు" అని. ఆ తరవాత తీరిగ్గా అసలు జరిమానా వస్తుంది. హోటల్ ఆ జోన్‌లోపలుంటే ముందే ఫోన్ చేసి కారు నంబరు నమోదు చేయించమని అడగాలి, లేదా ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి ట్రామెక్కాలి. నేను రెండోదే చేస్తాను.

ఈ గీతల సంగతి ఒకే చోట చూడాలంటే జెనీవా, బాజెల్ విమానాశ్రయాలకి వెళ్లండి. బాజెల్ విమానాశ్రయం ఉన్నది పూర్తిగా ఫ్రాన్స్ నేల మీద. లోపల ఫ్రెంచి వైపు, స్విస్ వైపు అని రెండు ద్వారాలు. జెనీవాలో విమానాశ్రయం స్విస్ నేల మీద, అక్కడా ఓ ఫ్రెంచి వైపు ఉంది. ఒకే కంపెనీకి రెండు వైపులా రెండు కౌంటర్లు, రెండు ధరలు. ఫ్రెంచి వైపు చౌక కదా అని తీసుకుంటే ఫ్రెంచి నంబరు కారు వస్తుంది. దానికి స్విస్ విన్యెట్ ఉండకపోవచ్చు, చలికాలంలో వింటర్ టైర్లు కూడా ఉండకపోవచ్చు. పోనీ స్విస్ వైపు తీసుకుంటే, యూరోపియన్ యూనియన్‌లో నివాసం ఉన్నవాళ్లు స్విస్ నంబరు కారుని యూనియన్‌లోకి నడపడం మీద కస్టమ్స్ ఆంక్షలున్నాయి. అంటే జర్మనీలో ఉండే నాకు ఒక నియమం, హైదరాబాద్ నుంచి దిగిన మా బావకి ఇంకో నియమం, కారు అదే. ఒక దేశంలో ఎక్కి ఇంకో దేశంలో కారు వదిలేస్తానంటే వందల యూరోలు అడిగేది కూడా ఇలాంటి లెక్కలతోనే. వేరే దేశపు నంబరున్న బండిని అక్కడి వాళ్లకి మామూలుగా అద్దెకివ్వలేరు, ఎవరో ఒకరు వెనక్కి తోలుకురావాలి.

అన్నిటికంటే నాకు భయం వేసేది అమ్మానాన్నల వీసా విషయం. పెద్దవాళ్లకి చాలాసార్లు సింగిల్ ఎంట్రీ వీసా ఇస్తారు. షెంగెన్ లోపల ఎన్ని దేశాలు తిరిగినా అది ఒకే ఎంట్రీ. ఒక్కసారి బయటికి అడుగు పెడితే ఆ వీసా పని అయిపోయినట్టే. మ్యాప్ చూస్తే క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ వైపు వెళ్లే తీరం మధ్యలో నియుమ్ అనే ఊరి దగ్గర బోస్నియా సముద్రం దాకా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆ ముక్క దాటడానికి పది కిలోమీటర్లు కూడా ఉండదు. బోస్నియా షెంగెన్‌లో లేదు, యూనియన్‌లోనూ లేదు. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ ముక్క ఎక్కకుండానే క్రొయేషియాలో ఉండిపోయి వెళ్లొచ్చు. కానీ ఫోనులో మ్యాప్‌కి మీ అమ్మగారి వీసా ఏంటో తెలీదు. నాలుగు నిమిషాలు తక్కువని పాత తీరం రోడ్డు చూపిస్తే, అటు తిరిగి, అవతలి పోస్టు దగ్గర ఆగి, అరవై ఎనిమిదేళ్ల మనిషిని వెనక్కి రానివ్వమంటే ఏం చేస్తారు? కారు అగ్రిమెంటులో బోస్నియా ఉందా అన్నది అప్పటికి చిన్న సమస్య.

ఇంత చెప్పాక "అయితే కారు వద్దంటావా?" అని అడుగుతారు. వద్దనను. మోకాళ్ల నొప్పులున్న అమ్మని బ్లాక్ ఫారెస్ట్‌లో వ్యూ పాయింట్ పక్కదాకా తీసుకెళ్లి దింపడం రైలు వల్ల కాదు. పులిహోర డబ్బా తెరుచుకుని చెరువు గట్టు మీద గంట కూర్చున్నా, "తరవాతి రైలు ఎప్పుడు" అన్న గొడవ ఉండదు. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు బస్సుల్లో తిరిగి ఉద్యోగం చేసిన మనిషి. కారాపిన చోటల్లా దిగి, పొలం గట్టున నిలబడి "ఇక్కడ ఎకరం ఎంతుంటుందిరా" అని అడగడానికైనా కారు కావాలి.

నేను వద్దనేది ఆ తొమ్మిది రోజులకి ఆరు దేశాలు అనే లెక్కని. దేశాల సంఖ్య మనం బంధువులకి చెప్పుకోవడానికి పెంచుతాం, ఆ సంఖ్య పెరిగిన కొద్దీ అగ్రిమెంటులో ఒక్కో గీత పెరుగుతుంది. ఒక కారుతో రెండు దేశాలు, మహా అయితే మూడు. ఎక్కిన ఊళ్లోనే దిగేలా గుండ్రంగా దారి. పెద్ద దూరం ఉంటే సరిహద్దు రైల్లో దాటి, అవతల అక్కడి నంబరు కారే తీసుకోవడం. అక్కడి విన్యెట్, అక్కడి టైర్లు దానికే ఉంటాయి. చాలాసార్లు ఖర్చు కూడా తగ్గింది నాకు.

ఇంకొక్క మాట. ఈ కాగితాల గురించి ఇంత విసుక్కున్నా, నాకు వాటి మీద కోపం లేదు. స్ట్రాస్‌బుర్గ్ నుంచి రైన్ దాటి కేల్ వచ్చే వంతెన మీద నడిచినప్పుడల్లా అనిపిస్తుంది. ఆ నది కోసం తరాల తరబడి సైన్యాలు కొట్టుకున్నాయి, ఊళ్లకి ఊళ్లు ఈ దేశం నుంచి ఆ దేశానికి చేతులు మారాయి. ఇవాళ అక్కడ ట్రామ్ నడుస్తోంది. తుపాకీ పట్టుకున్నవాడు కూర్చున్న చోట ఇప్పుడు అద్దె కంపెనీ క్లాజు 14 కూర్చుందంటే మంచి మార్పే కదా. తుపాకీ దూరం నుంచే కనపడేది, క్లాజు కనపడదు, తేడా అంతే. అది చదివేవాడికే కనపడుతుంది. రోజూ రెండొందల పేజీల స్పెసిఫికేషన్లు చదివి, అందులో తప్పులు పట్టి జీతం తీసుకునే మనం, సొంత డబ్బుతో, సొంత అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు నాలుగు పేజీలు చదవలేమా? కౌంటర్లో వెనకాల వాళ్లు కాసేపు ఆగుతారు. ఏం పర్లేదు.